చెవి మేస్త్రి, మూతపడ్డ ఫోల్డరు

మోటార్లు బాగుచేసేవాళ్లలో చాలామంది ముందు స్పానర్ తీస్తారు. చెవి మేస్త్రి ముందు స్టూలు లాక్కునేవాడు. మోటారు పక్కన కూర్చుని, మూరెడు పొడుగున్న స్క్రూడ్రైవర్ కొనను బేరింగ్ మూత మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, కరెంటు వేయమనేవాడు. అర నిమిషం వినేవాడు. తర్వాత అందరికీ వినపడేలా చెప్పేవాడు: "వెనక బేరింగ్. లోపలి రింగులో గుంట పడింది." ఆ మాట అన్నాకే స్పానర్ ముట్టుకునేవాడు.

విప్పకముందు చెప్పడం అతని నియమం. విప్పాక ఎవడైనా చెప్తాడనేవాడు. విప్పాక అతనూ రెండోసారి చెప్పేవాడు. అనుకున్నదే అయితే "అదే" అని ఒక్క మాట. కాకపోతే, "తప్పు చెప్పాను, బేరింగ్ కాదు, షాఫ్ట్ వంగింది" అని, మోటారు తెచ్చినవాడి ఎదుటే. ఒకసారి పిండి మిల్లు యజమాని నవ్వి, తప్పయితే నోరు మూసుకుని బాగుచేసి ఇచ్చేయొచ్చుగా, మాకేం తెలుస్తుంది అన్నాడు. నా చెవికి తెలియాలిగా అన్నాడు మేస్త్రి. ఆ చెవికి అతను చదువు చెప్పుకున్నది అలాగే. పదహారో ఏట కాయిల్స్ చుట్టే షెడ్డులో చేరినప్పుడు, చుట్టిచ్చిన మోటారు నెల తిరక్కుండా కాలిపోయి ఎందుకు వస్తోందని అడిగితే అక్కడెవరూ చెప్పలేకపోయారు. అప్పటి నుంచి తనే వినడం మొదలుపెట్టాడు. ముప్పయ్యో ఏటికి సొంత షెడ్డు పెట్టాడు. రేకుల కప్పు, రెండు బెంచీలు, ఒక చైన్ పుల్లీ. పక్క వీధుల మెకానిక్కులు కూడా తమకు జబ్బు తేలని మోటార్లను అతని దగ్గరికి మోసుకొచ్చేవారు.

యాభై నాలుగో ఏట ఆ చెవి తగ్గడం మొదలైంది. మాటలు బాగానే వినపడేవి. పోయింది సన్నటి శబ్దాలు. బేరింగ్ చెడిపోవడం మొదలైనప్పుడు వచ్చేది సరిగ్గా ఆ సన్నటి కూతే. అది ముదిరి గరగరలాడే వేళకు ఎవరి చెవికైనా అందుతుంది. పోయింది మళ్లీ రాదని డాక్టరు చెప్పాడు. మేస్త్రి ఇంటికొచ్చి రెండు రోజులు షెడ్డు తెరవలేదు.

అప్పుడు బావమరిది ఆదుకున్నాడు. అలాగే అందరూ అనుకున్నారు.

బావమరిది మేస్త్రి భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లీతండ్రీ ఏడాది తేడాలో పోతే తొమ్మిదో ఏట అక్క వెంట ఈ ఇంటికి వచ్చాడు. మేస్త్రి సైకిల్ ముందు కడ్డీ మీదే బడికి వెళ్లాడు. చదువయ్యాక రెండేళ్లు షెడ్డులో ఉన్నాడు. వాడికి చెవి లేదు గానీ నోరుంది అనేవాడు మేస్త్రి, ముద్దుగానే. బావ స్క్రూడ్రైవర్ ఆనించి చెప్పేంతవరకూ వాడు పక్కనే నిలబడేవాడు. చెప్పగానే, చూశారా మా బావ చెవి అని మోటారు తెచ్చినవాళ్ల ముందు మీసం దువ్వేవాడు. మూత ఊడదీసే వేళకు టీ తెస్తానని జారుకునేవాడు. గ్రీజు వాడికి పడదు. ఆ నోటికి తగ్గట్టే పంపుల కంపెనీలో అమ్మకాల ఉద్యోగం దొరికింది. పదేళ్లలో కారు, టై, చేతి కింద ముగ్గురు మనుషులు వచ్చారు.

"బావా, నీ చెవి ముసలిదైతే అయింది. నీ ఫోన్‌కి ఇంకా పెళ్లి వయసు కూడా రాలేదు. వినే పని దానికి అప్పజెప్పు" అన్నాడు వాడు. తన కంపెనీలో ఎవరిచేతో ఒక యాప్ చేయించి తెచ్చాడు. ఎర్ర బొత్తాం నొక్కితే మోటారు శబ్దం అర నిమిషం రికార్డవుతుంది, వెంటనే మేస్త్రి చెప్పే మాట కూడా. దాన్ని సగం వేగంతో వినిపిస్తే సన్నటి కూత లావై, మేస్త్రికి అందే స్థాయికి దిగేది. మొదటిసారి విన్న రోజు అతను స్టూలు మీద నుంచి లేవలేదు. తర్వాత ఒక్కటే అడిగాడు: విప్పాక చెప్పే మాటకూ ఒక బొత్తాం కావాలి. బావమరిది నవ్వి, నీ చాదస్తం అని, వారంలో ఆకుపచ్చ బొత్తాం పెట్టించి తెచ్చాడు.

నాలుగేళ్లు గడిచాయి. మోటారు వస్తే చెవికి తోచిన మొదటి మాటతో సహా రికార్డు చేయడం, ఆ తర్వాత నెమ్మదిగా వినడం, పాత వాటిలో దానికి దగ్గరగా ఉన్నది వెతికి పక్కన పెట్టుకుని మళ్లీ వినడం. అలా అతని పని నిలబడింది. ఆ పాత రికార్డులు లేకపోతే అతను మోటారు పక్కన ఊరికే కూర్చున్న ముసలాయన. ఆ సంగతి అతనికే అందరికంటే బాగా తెలుసు.

కిందటేడు బావమరిది అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి తెచ్చి చూపించాడు. అయస్కాంతంతో మోటారుకు అంటుకుంటుంది, నిమిషంలో జబ్బు పేరు తెర మీద చూపిస్తుంది. బెంచీ మీదున్న మోటారుకు అంటిస్తే "వెనక బేరింగ్" అంది. విప్పితే అదే. మీ తమ్ముడి కంపెనీలో ఎవడో బుర్రున్నవాడు ఉన్నాడని మేస్త్రి ఆ సాయంత్రం భార్యతో అన్నాడు. ఆమె పళ్లెం కడుగుతూ ఊఁ అంది.

తర్వాత ఒక సోమవారం యాప్ తెరిస్తే తెల్ల పేజీ వచ్చింది. మీ ఖాతా మూసివేయబడింది అని రెండు వరుసలు. ఎన్నిసార్లు తెరిచినా అదే. బావమరిదికి ఫోన్ చేస్తే, ఏదో మారుస్తున్నారు బావా, రెండ్రోజులు ఓపిక పట్టు అన్నాడు. రెండ్రోజులు పది రోజులయ్యాయి. బెంచీ కింద అయిదు మోటార్లు పేరుకున్నాయి. పదకొండో రోజు వాడే ఫోన్ చేశాడు. యాప్ చెడిపోయింది, ఫోన్లోంచి తీసేయ్, కొత్తది నేనొచ్చి వేస్తానన్నాడు. ఇవాళే తీసేయ్ బావా అని రెండుసార్లు అన్నాడు.

మేస్త్రి తీయలేదు. అనుమానం వచ్చి కాదు. ఏ భాగాన్నయినా ఊడదీసేముందు దాన్ని పట్టుకుని ఇంకేం ఉందో చూసే అలవాటు అతనిది. షెడ్డుకు తాళం వేసి, బస్టాండు వెనక మెట్ల కింద గదిలో ఫోన్లు బాగుచేసే ఆవిడ దగ్గరికి వెళ్లాడు.

గది ఎంతంటే ఇద్దరు నిలబడితే మూడోవాడు మెట్ల మీద కూర్చోవాలి. ఆవిడకు ముప్పై అయిదేళ్లుంటాయి. నుదుటి మీద భూతద్దం, చేతిలో పట్టకారు, నోట్లో మాట తక్కువ. పని తనంతట తనే నేర్చుకుందనీ, మొదటి ఏడాది తన ఫోన్‌నే నలభైసార్లు విప్పి బిగించిందనీ బస్టాండులో చెప్పుకునేవారు. మేస్త్రి చెప్పిందంతా విని, యాప్ తీసేశారా అని అడిగింది. లేదన్నాడు.

"బతికారు. తీసేస్తే అది దాచినవన్నీ దాంతోపాటే పోతాయి."

తీసేయమని చెప్పినవాడికి ఆ సంగతి తెలిసి ఉండదులే అన్నాడు మేస్త్రి. ఆవిడ ఫోన్ అందుకుంది.

ఫోన్లో ఫైళ్లు చూపించే చోటికి వెళ్లి, ఆండ్రాయిడ్ అనే ఫోల్డరులో డేటా అనే ఫోల్డరు తెరవబోయింది. అనుమతి లేదంది ఫోన్. వైరుతో కంప్యూటర్‌కు తగిలించి చూస్తే అదే ఫోల్డరు ఖాళీగా కనపడింది. ఖాళీ కాదు, మనకు చూపించట్లేదు అందావిడ. ఒకప్పుడు ఏ యాప్ అయినా పక్క యాప్ సామాన్లలోకి తొంగిచూసేదట. అది ఆపడానికి ఒక్కో యాప్‌కూ ఒక్కో గది కట్టి తాళం వేశారు. ఆ తాళం దొంగకూ పడింది, ఇంటాయనకూ పడింది.

"ఇల్లు నాది, సామాను నాది. గదిలోకి నేనే పోకూడదా?" అన్నాడు మేస్త్రి.

రూట్ చేస్తే పోవచ్చు అంది. అంటే ఫోన్ మీద మొత్తం అధికారం లాక్కోవడం. మీ పెద్ద వీధిలో ఇద్దరు చేస్తారు, గంటలో అయిపోతుందంటారు. వాళ్లు చెప్పనిది ఏమిటంటే, దానికి ముందు ఫోన్ తనను తాను పూర్తిగా తుడిచేసుకుంటుంది. గది తలుపు తెరుచుకునేసరికి గదిలో ఏమీ ఉండదు. అందుకని తను ఆ పని చేయనంది. ఫోన్ తయారుచేసినవాళ్లు పనివాళ్ల కోసం వదిలిన పక్క తలుపు ఒకటి ఉంది, దాన్నే తడదాం అంది.

ఫోన్ గురించి అనే పేజీకి వెళ్లి, బిల్డ్ నంబర్ అన్న వరుస మీద వేలితో ఏడుసార్లు తట్టింది. మీరిప్పుడు డెవలపర్ అని ఫోన్ చెప్పింది. ఏడు తట్లకేనా, నేను మేస్త్రినవడానికి పదేళ్లు పట్టింది అన్నాడతను. ఆవిడ నవ్వింది. కొత్తగా తెరుచుకున్న జాబితాలో యూఎస్‌బీ డీబగ్గింగ్ అన్న ఆ పక్క తలుపును తెరిచి, వైరు మళ్లీ తగిలించింది. ఈ కంప్యూటర్‌ను అనుమతిస్తారా అని ఫోన్ అడిగింది. ఆవిడ నొక్కలేదు. ఫోన్ అతని వైపు తిప్పి పట్టుకుంది.

"మీరు నొక్కండి. ఫోన్ మీది."

అతను నొక్కాడు. ఆవిడ కంప్యూటర్ నల్ల తెర మీద ఒక వరుస టైపు చేసింది. ఇందాక ఖాళీగా ఉన్న ఫోల్డరులోంచి పేర్లు జలజలా దిగాయి. తేదీ, సంఖ్య, తేదీ, సంఖ్య. ఇంకో వరుస టైపు చేసి అన్నిటినీ కంప్యూటర్‌లోకి కాపీ పెట్టింది. ఫోన్లో ఉన్నవాటిని ముట్టుకోలేదు. అయ్యాక అటూ ఇటూ లెక్క చూసింది. రెండు చోట్లా వెయ్యీ నూట ఇరవై ఆరు రికార్డులు. అంతటితో ఊరుకోకుండా అక్కడొకటి ఇక్కడొకటి పది తెరిచి వినిపించింది. మెట్ల కింద ఆ ఇరుకు గదిలో మోటార్లు ఒకదాని తర్వాత ఒకటి తిరిగాయి. అది పిండి మిల్లుది, అది ఐస్ ఫ్యాక్టరీది అని చెప్తూ మేస్త్రి కళ్లు తుడుచుకున్నాడు.

పెన్ డ్రైవ్‌లో రెండో కాపీ ఎక్కుతుండగా ఆవిడ చివర్లో ఉన్న ఒక చిన్న ఫైలు తెరిచింది. చదివింది. కుర్చీ కొంచెం జరిపి, ఇది మీరు చూడాలి అంది.

ఒక్కో వరుసలో ఒక్కో రికార్డు సంఖ్య, దాని పక్కన ఎరుపు అన్న మాట, తేదీ, సమయం, "పంపబడింది". మొట్టమొదటి వరుస నాలుగేళ్ల కిందటిది, యాప్ పెట్టిన రోజుదే. పంపిన చిరునామా పంపుల కంపెనీది. చివర ఒక మాట: పెట్టె శిక్షణ. బావమరిది కిందటేడు తెచ్చి చూపించిన పెట్టె గురించి మేస్త్రి ఆవిడకు చెప్పాడు.

"ఇది మీకోసం దాచడానికి కట్టిన యాప్ కాదు మేస్త్రిగారూ" అంది ఆవిడ. "మీ దగ్గర తీసుకెళ్లడానికి కట్టింది. పెట్టె నేర్చుకోవడం అయిపోయినట్టుంది, అందుకే మూసేశారు."

అతను ఆ వరుసలను చాలాసేపు చూశాడు. అర్థమైంది గానీ, అర్థమైనది లోపలికి దిగలేదు. ఎర్ర బొత్తాంవే కనపడుతున్నాయి, ఆకుపచ్చవి పంపలేదా అని అడిగాడు. ఆవిడ వెతికి చూసింది. ప్రతి రికార్డులో రెండు ఫైళ్లున్నా, పంపింది మొదటిదే. రెండోది ఒక్కసారి కూడా పంపలేదు. ఆవిడ వైరు తీసి, తెరిచిన పక్క తలుపును తిరిగి మూసేసి ఫోన్ అతని చేతికిచ్చింది. ఈ శబ్దాలు నెమ్మదిగా వినాలంటే గొంతు సన్నగానే ఉంచి సాగదీసే ప్లేయర్లు పనికిరావు, వేగంతోపాటు గొంతు కూడా లావయ్యేది కావాలని చెప్పి, అలాంటిది వెతికి పెట్టింది.

ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు. గట్టిగా చెప్పలేదు. మీ తమ్ముడు నాలుగేళ్లుగా నా రికార్డులు కంపెనీకి పంపిస్తున్నాడట అన్నాడు. ఆమె ఏంటీ అనలేదు, ఎప్పటినుంచీ అనలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. అప్పుడు తెలిసింది అతనికి.

"నీకు తెలుసు."

"బావకు చెప్తే ఒప్పుకోడక్కా, నా ప్రమోషన్ దీనిమీదే ఉందన్నాడు. శబ్దాలే కదండీ అనుకున్నాను. మీకు తగ్గిపోయేదేం ఉందని."

బావమరిది చేసింది ఎంత కొట్టినా, అది బయటి దెబ్బ. ఈ మాట ఇంకెక్కడో తగిలింది. రాత్రుళ్లు ఆ రికార్డులు వింటూ ఈ ఇంట్లోనే కూర్చునేవాడు. ఆమె పక్కనే పడుకునేది. నాలుగేళ్లు.

తర్వాతి మూడు రోజులూ షెడ్డులో కూర్చుని వెయ్యీ నూట ఇరవై ఆరు రికార్డులూ వరసగా విన్నాడు. మొదటి మాట, రెండో మాట. తప్పయిన చోటల్లా కాగితం మీద సంఖ్య రాసుకున్నాడు. మొదటి ఏడాది తప్పులు తక్కువ. చెవి తగ్గేకొద్దీ పెరిగాయి. నెమ్మదిగా వినకముందు సన్నటి కూత అందక, ఏమీ లేదు బాగానే ఉంది అని మొదట చెప్పి, విప్పాక నాలుక కరుచుకున్నవే అరవై ఒకటి.

ఆదివారం పొద్దున బావమరిదిని షెడ్డుకు రమ్మన్నాడు. వాడు నవ్వుతూనే వచ్చాడు, చేతిలో కొత్త ఫోన్ డబ్బా. వెనకే అక్క కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"యాప్ తీసేయమన్నావు. తీసేస్తే లోపలున్నవి పోతాయని తెలుసా నీకు?" అని అడిగాడు మేస్త్రి.

వాడు అక్క వైపు చూశాడు. తర్వాత నేల వైపు.

"తెలుసు బావా. పైనుంచి చెప్పారు. బయటి ఫోన్లలో ఏమీ మిగలకూడదని."

"నాది బయటి ఫోనా?"

వాడు డబ్బా బెంచీ మీద పెట్టాడు. నీ పేరు పెట్టెలో వేయిద్దామనే అనుకున్నాను, పైవాళ్లు ఒప్పుకోలేదు అని మొదలుపెట్టి, నీ పని ప్రపంచానికి పనికొచ్చిందిగా అనేదాకా వెళ్లాడు. మేస్త్రి చెయ్యెత్తి ఆపాడు.

"ఏం పట్టుకెళ్లావో తెలుసా? నా మొదటి మాటలు."

"అదేగా కావాల్సింది. నీ మాటకు తిరుగుందా బావా?"

"మూడువందల పద్దెనిమిదిసార్లు ఉంది."

వాడికి వెంటనే ఎక్కలేదు. మేస్త్రి ఒక రికార్డు పెట్టి వినిపించాడు. మోటారు తిరిగింది, అతని గొంతు "బాగానే ఉంది" అంది. ఆకుపచ్చది పెట్టాడు. "తప్పు చెప్పాను. ముందు బేరింగ్ రేపో ఎల్లుండో పగిలేలా ఉంది." ఇంకొకటి పెట్టాడు. ఇంకొకటి. వాడి ముఖంలో రంగు దిగిపోయింది. మూత ఊడదీసే వేళకు టీకి వెళ్లిపోయే మనిషి యాప్ చేయించాడు. బావ ఒకసారి చెప్తే అదే ఖాయమని ఎరుపు ఒక్కటే పంపమన్నాడు. ఆకుపచ్చ ముసలాయన సంతోషానికి పెట్టింది.

పెట్టెలు ఎక్కడెక్కడ అంటించారని మేస్త్రి అడిగాడు. ఆసుపత్రి నీళ్ల పంపులకు, కోల్డ్ స్టోరేజీకి, రెండు పెద్ద భవనాల లిఫ్టులకు అన్నాడు వాడు, ఒక్కొక్కటీ ఆగి ఆగి. తర్వాత బెంచీ పక్కన కూలబడి, రెండో మాటలు కూడా ఇవ్వు బావా, సరిచేయిస్తాను, లేకపోతే నా ఉద్యోగం ఉండదు అన్నాడు.

"ఇచ్చేయండి" అంది గుమ్మంలోంచి అక్క. "తెలియక చేశాడు."

"తెలియక కాదు. విప్పేదాకా ఆగలేక" అన్నాడు మేస్త్రి, ఆమె వైపు చూడకుండా.

లిఫ్టుల మాట విన్నాక అతను ఊరికే కూర్చోలేడని అతనికే తెలుసు. బాగుందని పెట్టె చెప్పే మోటారు కింద మనుషులుంటారు. అలాగని నాలుగేళ్ల తన రెండో మాటలను వాడి చేతిలో పోయడానికీ మనసొప్పలేదు. మూడు రోజులు విని రాసుకున్న కాగితాలు రెండూ మడిచి వాడి చేతిలో పెట్టాడు. వాటి మీద మూడువందల పద్దెనిమిది సంఖ్యలు, అంతే. ఇవి తప్పులు, పెట్టె నేర్చుకున్న వాటిలోంచి ఇవి తీసేయమను, అంటించిన ప్రతిచోటుకూ రేపే మనుషులను పంపి మోటార్లు చూడమను అన్నాడు.

"మరి సరైనవి?"

"నా దగ్గరుంటాయి."

వాడు ఇంకేదో అనబోయి అక్కను చూశాడు. ఆమె ఈసారి గుమ్మంలోంచి జరిగి వాడికి దారిచ్చింది. కొత్త ఫోన్ డబ్బా తీసుకెళ్లమని మేస్త్రి చెప్పాల్సి వచ్చింది.

పెట్టెలన్నీ వెనక్కి తెప్పించారని నెల తర్వాత తెలిసింది. ఒక లిఫ్టు మోటారులో బేరింగ్ నిజంగానే పగలడానికి సిద్ధంగా దొరికిందట. బావమరిది ఉద్యోగం పోలేదు గానీ, పాత హోదా పోయి కింది బల్లకు మారాడు. అక్కకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు, ఇంటికి మాత్రం రాలేదు. రావద్దని మేస్త్రి అనలేదు, రమ్మనీ అనలేదు. షెడ్డులో పని మళ్లీ పట్టాలెక్కింది. బెంచీ మీద పాత కంప్యూటర్ ఒకటి వచ్చింది. మోటారు తిరిగితే అందులోంచి లావుపాటి గొంతుతో వినిపించేది.

ఒక పొద్దున భార్య, ఎప్పటిలాగే, బల్ల మీదున్న అతని ఫోన్ తీసుకుని తమ్ముడికి చేయబోయింది. తాళం వేసిన తెర మీద తొమ్మిది అంకెలూ ఒక సున్నా కనపడ్డాయి. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆ ఇంట్లో బీరువాకు తప్ప దేనికీ తాళం లేదు. ఆమె ఫోన్ పట్టుకుని వంటగదిలోంచి వచ్చింది, అంకె ఏమిటని అడగలేదు, ఊరికే చాపింది. అతను అందుకుని, కొంచెం పక్కకు తిరిగి, బొటనవేలితో నాలుగు అంకెలు నొక్కి, తెరిచి, తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.